గరమైతే సల్లారనియ్యాలె

మిక్సీని ఆడవాళ్ల కష్టం తగ్గించడానికి కనిపెట్టారని ఎవరైనా మీతో అంటే నవ్వి ఊరుకోండి. పాపం, వాళ్లకు లోకం తెలియదు. అది మగవాణ్ణి వంటింట్లోకి రప్పించడానికి కనిపెట్టిన యంత్రం!

మీరే ఆలోచించండి. అన్నం కోసం మగవాడు వంటింట్లోకి వస్తాడా? రాడు. ఆయన కూర్చున్న చోటికి అన్నమే నడిచి వెళుతుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోతే వస్తాడా? "ఏందే గా వాసన!" అని అరుగు మీది నుంచే అరుస్తాడు. అదే, ఒక మోటారు, ఒక మీట, బారెడు వైరు ఉన్న వస్తువును వంటింట్లో పెట్టి చూడండి. పిలవకుండానే వస్తాడు! చెప్పులు విడవడం కూడా మరిచిపోయి వస్తాడు!

నా మాట మీద నమ్మకం లేకపోతే లక్సెట్టిపేటకు వెళ్లి కైలాసం సేటును చూడండి.

కైలాసం సేటుకు బజారులో బట్టల కొట్టుంది. కానీ ఆయన అసలు వృత్తి తీర్పులు చెప్పడం. కుండ కొనాలంటే ఆయన తట్టి చూడాలి, దూడను కొనాలంటే ఆయన పళ్లు చూడాలి. అన్నదమ్ముల గోడ తగాదా గానీ, మేక మేసిన చేను తగాదా గానీ, వాడకట్టులో ఏ పంచాయితీ పుట్టినా ఆయన అరుగు మీదనే తెగాలి. "రెండు దిక్కుల మాట ఇనంది నా నోట తీర్పు రాదు" అని ఆయన మీసం మీద చెయ్యి వేసి చెబుతుంటే, తప్పు చేసినవాడు కూడా తలకాయ ఊపేవాడు.

అంత గొప్ప తీర్పరి ఇంట్లోనే ఏళ్ల తరబడి ఒక పంచాయితీ నడుస్తోంది. ఒక పక్క ఆయన భార్య బాలలక్ష్మి కుడి భుజం, ఇంకో పక్క వంటింటి రోలు. పొద్దున తొక్కు పచ్చడి, మాపటికి ఇంకో తొక్కు, నడుమ ఎవరైనా చుట్టం వస్తే గారెల పిండి. "బుజం గుంజుతున్నది" అని బాలలక్ష్మి చెప్పినప్పుడల్లా సేటు, "పసుపు, సున్నం కలిపి పట్టియ్యి" అనేవాడు. అంతే! రెండు దిక్కుల మాట వినే మనిషికి ఆ దిక్కు ఒక్కటే ఎందుకో వినబడలేదు.

ఊరికి కరెంటు వచ్చిన సంబరం ఇంకా తీరకముందే, మంచిర్యాల నుంచి దేవదాస్ అనే అమ్మకం మనిషి సైకిలు వెనక ఒక చెక్కపెట్టె కట్టుకుని వారపు అంగడి రోజున దిగాడు. పెట్టెలో మిక్సీ! బొంబాయి మిక్సీల కంటే చాలా చౌక. ఎందుకంత చౌక అంటే దాని గొంతు విన్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. లారీ గుట్ట ఎక్కుతున్నట్టు అరుస్తుంది. దాని మీట తిప్పితే తిరుగుతుంది, గట్టిగా తిప్పితే ఊడి చేతికొస్తుంది.

"నచ్చితెనే పైసలియ్యి సేటూ. మల్ల అంగడి దాక ఇంట్ల పెట్టుకొని చూడు," అన్నాడు దేవదాస్. పోతూ పోతూ సైకిలు ఆపి, ఒక మాట చెప్పాడు. "గని ఒకటి యాది పెట్టుకో. జరసేపు నడిపినంక ఆపాలె. మోటరు మీద చెయ్యి పెట్టి చూడాలె. గరమైతే సల్లారనియ్యాలె. పరేషాన్ జేస్తివా, కాలిపోతది!"

ఈ మాట కైలాసం సేటు గుండెలో శిలాశాసనమై కూర్చుంది.

బాలలక్ష్మి గుండెలో మాత్రం ఇంకో మాట కూర్చుంది. ఆమె పొరుగింటి ఐలవ్వ చెవిలో చెప్పింది: "అక్కా, గిది మా ఇంట్లనే ఉంటే నా బుజం బతుకుతది."

మర్నాటి నుంచి విచారణ మొదలైంది. కైలాసం సేటు పెళ్లయ్యాక మొదటిసారి సొంత వంటింట్లో అడుగుపెట్టాడు. పెట్టగానే ఉట్టికి తల కొట్టుకున్నాడు. అక్కడ ఉట్టి ఉందని ఆయనకు ఎవరు చెప్పారు గనక!

"నువ్వు ముట్టకు, కాలిపోతది," అని భార్యను బయటికి పంపి, పైకప్పు నుంచి వేలాడే బల్బు ఊడదీసి, ఆ హోల్డరుకే వైరు తగిలించాడు. ఆ ఇంట్లో వేరే ప్లగ్గు లేదు మరి. అంటే వెలుగు కావాలా తొక్కు కావాలా, ముందే తేల్చుకోవాలన్నమాట. సేటు తొక్కు కోరుకున్నాడు. కిటికీ లేని ఆ వంటింటి చీకట్లో మూత కనబడలేదు. మూత లేకుండానే మీట తిప్పాడు!

పచ్చిమిరపకాయలు, పుంటికూర కలిసి కప్పుకెక్కాయి, గోడకెక్కాయి, సేటు మీసాలకెక్కాయి. గోడ మీద ధర్మపురి నర్సింహస్వామి పటం ఉంది. స్వామి అసలే ఉగ్రమూర్తి, ఆపైన ముఖం నిండా పచ్చికారం! ఆ పూట సేటు తల్లి పోశవ్వ పటానికి స్నానం చేయించి లెంపలు వేసుకుంది. సేటు తన కళ్లకు స్నానం చేయించుకున్నాడు.

అయినా తగ్గాడా? తీర్పరి ఎక్కడైనా తగ్గుతాడా! అల్లం, ఎల్లిపాయ, నువ్వులు, పల్లీలు, ఎండుకొబ్బరి, ఒక్కొక్కటే సాక్షుల్లా లోపలికి వెళ్లి పొడిపొడిగా బయటికొచ్చాయి. మిక్సీ తిరిగినంత సేపూ వాడకట్టులో బల్బులన్నీ దీపపు వత్తుల్లా కుంగిపోయేవి. ఐలవ్వ బల్బు వైపు చూసి, "సేటు ఇంట్ల కొబ్బరి పడ్డది," అనేది. బల్బు కుంగిన తీరును బట్టి సరుకు చెప్పే విద్య ఆమెకు వారంలోనే పట్టుబడింది.

ఇక విశ్రాంతి సంగతి చూడాలి! మిక్సీ జరసేపు తిరగగానే సేటు దాన్ని ఆపేవాడు. జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు అరచెయ్యి ఆనించేవాడు. "గరమైంది పాపం" అని విసనకర్ర తీసుకుని విసిరేవాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే, "మెల్లగ! పండుకున్నది," అని కసిరేవాడు. మిక్సీ ఎవరి మాటలకు నిద్రలేస్తుందో ఆ నర్సింహస్వామికే తెలియాలి.

ఆ వారం బాలలక్ష్మికి పండుగ! ఆమె పట్టపగలు అరుగు మీద కాళ్లు చాపుకుని చాయ తాగింది. ఐలవ్వతో కడుపారా ముచ్చట పెట్టింది. ఎన్నాళ్లకో కుడి పక్కకు తిరిగి పడుకోగలిగింది. సేటు గిన్నె పట్టుకొచ్చి, "ఎట్లున్నదే?" అని అడిగితే, నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, "జర బరకగున్నట్టున్నది. ఇంకోపారి తిప్పిచూడుర్రి," అనేది. సేటు బుద్ధిగా వెనక్కి వెళ్లి ఇంకోసారి తిప్పేవాడు. అక్కలారా, చెల్లెళ్లారా, ఇప్పుడు చెప్పండి, ఇంతటి మహిమ గల వస్తువు ఇంకొకటి చూశారా?

కానీ పోశవ్వకు ఇదంతా గిట్టలేదు. ఆ రోలు ఆమె కాపురానికి వచ్చిన నాటిది.

"ఓరి కైలాసం! మిషన్ మాటనే ఇంటున్నవు. రోలు మాట ఎవలు ఇనాలెరా? రెండు దిక్కుల ఇంటనని ఊరంత చెప్తివి!"

తల్లి సరిగ్గా నియమం మీదే కొట్టింది. కాదంటే ఇకముందు అరుగు మీద కూర్చోగలడా? మిక్సీని తన చేత్తో నడిపాడు గనక రోలును కూడా తన చేత్తోనే నడపాలి. న్యాయం అంటే న్యాయమే. గారెలకని బబ్బెరపప్పు నానబోయించి, అంగీ విప్పి, రోలు ముందు కూర్చున్నాడు సేటు.

మొదట మహారాజులా తిప్పాడు. ఐలవ్వ గడప దగ్గర నిలబడి, "అబ్బ, ఏం తిప్పుతుండు!" అంది. ఆ పొగడ్త ఆరకముందే సేటు చెయ్యి మార్చాడు. మళ్లీ మార్చాడు. తిప్పడానికి మనిషికి మూడో చెయ్యి ఎందుకు లేదా అని ఆలోచించినట్టు కాసేపు ఆగాడు. చెమట మీసాల మీదుగా పప్పులోకి పడబోయింది. నడుం పట్టుకుని, "అవ్వా..." అని వెనక్కి ఒరిగాడు.

రోలు తరఫున వచ్చిన పోశవ్వ రోలును మరిచిపోయి ఉరికొచ్చింది. "అయ్యో నా కొడుకు! ఎంత చెమట! జర ఆగు కొడుకా, జర సల్లారు!" అని అదే విసనకర్రతో విసిరింది.

బాలలక్ష్మి చూస్తూ నిలబడింది. మిషనుకు విసిరారు. మగనికి విసిరారు. ఆమెకు కడుపు మండింది. కొంగు బిగించి, రోలు ముందు కూర్చుని, మిగిలిన పప్పంతా రుబ్బి, ఆ చేత్తోనే గారెలు వేసింది. గారెలు మెత్తగా ఉన్నాయని సేటు ఇంకో రెండు వేయించుకున్నాడు.

అంగడి రోజు వచ్చింది. దేవదాస్ వచ్చాడు. వాడకట్టు వచ్చింది. సేటు అరుగు మీద నిటారుగా కూర్చుని తీర్పు చెప్పాడు: "రోలు మనిషిని చంపుతది. మిషన్ కొనుడే!"

బాలలక్ష్మి తలుపు చాటున నిలబడి రెండు చేతులూ ఎత్తి నర్సింహస్వామికి దండం పెట్టుకుంది. ఇక్కడే ఆపితే ఇది మంగళహారతి పాడదగ్గ కథ. కానీ కొన్న వస్తువుకూ చూడటానికి తెచ్చిన వస్తువుకూ ఉన్న తేడా ఏమిటో మీకు చెప్పకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది.

దేవదాస్ మిక్సీని పగలూ రాత్రీ తిప్పవచ్చు, కాలితే వాడిది. సొంత మిక్సీని తిప్పగలమా? పొయ్యి సెగకు దాని మోటారు ఏమవుతుంది? పొగకు దాని రంగు ఏమవుతుంది? సేటు దాన్ని ఎత్తుకుని ముందరింట్లోకి తెచ్చి, గోడ గూట్లో బ్యాటరీ రేడియో పక్కన కూర్చోబెట్టాడు. కొట్టులోంచి పూల గుడ్డ తెచ్చి, బాలలక్ష్మితోనే దానికి అంచుల ముసుగు కుట్టించాడు. చుట్టాలు వస్తే ముసుగు తీసి చూపిస్తాడు. దగ్గరికి వెళ్తే, "చెయ్యి పెట్టకుర్రి," అంటాడు. ప్రపంచంలో ఇంతగా చల్లారిన మోటారు మరొకటి లేదు!

మరి తొక్కు? ఇంకెక్కడిది, రోలుదే! పైగా వారం రోజులు నున్నటి తొక్కు తిని సేటు నాలుక ముదిరింది. "బరకగున్నదే. మిషన్‌ల గిట్ల రాలే," అని గిన్నె వెనక్కి పంపడం నేర్చాడు. బాలలక్ష్మి ఒకసారి నూరినదాన్ని రెండోసారి నూరింది. రాత్రిళ్లు మళ్లీ ఎడమ పక్కకే తిరిగి పడుకుంది.

ఒక నాడు మధ్యాహ్నం సేటు కొట్టు మూసి, ఇద్దరు బేరగాళ్లను భోజనానికి వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. వంటింట్లో రోలు చప్పుడు లేదు. పోశవ్వ అరుగు మీద బిత్తర చూపులు చూస్తోంది. లోపల రేడియో ఉంది. దాని పక్కన మిక్సీ ఉంది. మిక్సీ పక్కన, నేల మీద, గోడకు ఆనుకుని బాలలక్ష్మి ఉంది. ముసుగు కుట్టగా మిగిలిన పూల గుడ్డను ఆమె తన కుడి భుజం మీద కప్పుకుని కూర్చుంది.

"ఏందే గిది? తొక్కు ఏది? గారెలేవి?"

"నడిచిన," అంది బాలలక్ష్మి. "గరమైన. సల్లారుతున్న."

బేరగాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. సేటు గొంతు తగ్గించాడు. "నవ్వులాటనా? ఎంతసేపు సల్లారుతవే?"

"నాకేం ఎరుక? దేవదాస్ ఏం చెప్పిండు? చెయ్యి పెట్టి చూడుర్రి."

సేటు చెయ్యి సగం దాకా వచ్చి ఆగింది. మోటారు మీద ఎన్నిసార్లు ఆనిందో ఆ అరచెయ్యి! ఈ భుజం మీద ఒక్కసారి కూడా ఆనలేదు. రెండో దిక్కు మాట వినాల్సిన రోజు వచ్చిందని ఆయనకు అర్థమైంది. నెమ్మదిగా గుడ్డ పక్కకు జరిపి చెయ్యి పెట్టాడు. భుజం రాయిలా బిగిసి, నిప్పులా కాలుతోంది. ఆయన ముఖం చిన్నబోయింది.

తీర్పు చెప్పలేదు. గుడ్డ మళ్లీ సరిగా కప్పాడు. గూట్లోంచి మిక్సీ ఎత్తుకుని, ముసుగు పక్కన పడేసి వంటింట్లోకి నడిచాడు. ఉట్టి తలకు తగిలిన చప్పుడు ముందరింట్లోకి వినిపించింది.

ఇంతకీ చౌక మిక్సీ కొనవచ్చా అని అడుగుతున్నారు కదూ? కొనండి బాబూ, తప్పకుండా కొనండి! మీట ఊడుతుంది, గొంతు కర్ణకఠోరం, వాడకట్టు బల్బులన్నీ దాని పాలవుతాయి. అయినా కొనండి. పనిచేసేది ఏదైనా వేడెక్కుతుందని, వేడెక్కితే ఆపాలని, ఇంట్లో ఆడది ఎన్నేళ్లు చెప్పినా ఎక్కని తలలకు అమ్మకం మనిషి ఒక్కసారి చెబితే ఎక్కుతుంది.

అన్నట్టు, ఆ మధ్యాహ్నం వంటింటి చీకట్లోంచి సేటు గొంతు వినిపించిందట: "బాలలక్ష్మీ! ఉప్పు ఏడున్నదే?"

ఆమె కళ్లు మూసుకునే ఉంది. పూల గుడ్డను భుజం మీదికి ఇంకాస్త లాక్కుంది. ఇంకా సల్లారలేదు కదా!