తిన్న బెల్లం

ఆ పొద్దున పూజ పెట్టుకున్నది చాలా చిన్న పని. తాను కుట్టిన వక్కల సంచిని ఎండలో ఫొటో తీసి, హైదరాబాద్ డిజైన్ కాలేజీ దరఖాస్తుకు జతచేయాలి. "సొంతంగా కల్పించి చేసినవి ఉంటే పంపవచ్చు, తప్పనిసరి కాదు" అని అందులో ఉంది. గడువు ఆ సాయంత్రమే.

తప్పనిసరి కాదన్న ముక్క తండ్రి అమర్‌సింగ్‌కు తెగ నచ్చింది. "కాదన్నంక ఎందుకు? కుట్టు మన తండల అందరికొస్తది. గా సంచి చూస్తే నవ్వుతరు బిడ్డా. మార్కులు పెట్టు, సాలు."

మార్కులు అందరికీ ఉంటాయి. ఈ సంచి ఇంకెవరికీ ఉండదని పూజకు గట్టి నమ్మకం. మానుకోట స్టేషన్‌లో ఆగిన రైలును కుట్టింది, కిటికీలన్నీ అద్దాలే. తండ్రి చేనుకు పోగానే సంచిని వాకిట్లో దండేనికి వేలాడదీసి ఫొటో తీసింది. కింద సిగ్నల్ లేక, ఫోను పట్టుకొని డాబా అవతలి మూలకు చేరింది. సంచి దండెం మీదే ఉండిపోయింది.

ఆ తండాలో ఆడపిల్ల ఇంటి ముందు కొత్త వక్కల సంచి వేలాడిందంటే సంబంధం కుదిరినట్టే. అది పెళ్లికొడుకు ఇంటికి పోయే సంచి. పక్కింటి బుచ్చి చూసింది. చూసి ఊరుకుంటే ఆమె బుచ్చి ఎందుకవుతుంది? తల్లి సుక్కి పశువుల కొట్టం నుంచి వచ్చేసరికి వాకిట్లో తండా నాయక్ హరిలాల్, పెద్దమనుషులు కూర్చొని ఉన్నారు. బుచ్చి మాట ఖాయం చేసే బెల్లం పంచుతోంది.

మొగుడు తనకు చెప్పకుండా కుదిర్చాడనుకొని సుక్కి కోపం దిగమింగి బెల్లం నోట్లో వేసుకుంది. కబురు విని పరుగెత్తుకొచ్చిన అమర్‌సింగ్, ఇదంతా బామ్మర్దుల పని అనుకున్నాడు. నలుగురిలో భార్యను నిలదీయడం బాగుండదని తనూ తిన్నాడు.

"పిల్లగాడిది ఏ తండ?" అని అడిగాడు హరిలాల్.

భార్య భర్తను చూసింది, భర్త భార్యను చూశాడు. అప్పుడే పూజ మెట్లు దిగింది. "గిదేంది, పెండ్లి ఎవరికి? నేను కాలేజీకి పంపుదామని ఫొటో తీసిన."

వాకిలి చల్లబడిపోయింది. అమర్‌సింగ్‌కు తల కొట్టేసినట్టయింది. హరిలాల్ మాత్రం బెల్లం పూర్తిగా నమిలి మింగాడు.

"పదిమందిమి తిన్నం. తిన్న బెల్లం మాట మీద నిలవాలె. ఏ మాట మీద తిన్నమో చెప్పు అమర్‌సింగ్."

అమర్‌సింగ్ కంటే ముందే పూజ అందుకుంది. "కాలేజీ మాట మీద, తాతా. నా సంచి పోవాలె. నాయిన వద్దంటుండు."

అందరూ అమర్‌సింగ్ వైపు తిరిగారు. బెల్లం ఇంకా ఆయన నాలుక మీదే ఉంది.

"నేనెప్పుడు వద్దన్న?" అన్నాడు.

హరిలాల్ సంచిని చేతిలోకి తీసుకొని తిప్పి తిప్పి చూశాడు. "మంచిగుంది బిడ్డా. ఈ రైలు ఎటు పోతది?"

"హైదరాబాద్‌కు తాతా."

తర్వాత అమర్‌సింగే డాబా ఎక్కి, ఫొటో వెళ్లేదాకా ఫోను ఎత్తి పట్టుకున్నాడు. దరఖాస్తు చివర ఒక ప్రశ్న మిగిలింది: ఈ పనికి మిమ్మల్ని ప్రోత్సహించింది ఎవరు?

"నాయిన అని రాయి. మొదటి సంది అని గుడ రాయి."

పూజ అలాగే రాసింది. సొంతంగా కల్పించినవి పంపవచ్చని కాలేజీ వాళ్లే అన్నారు కదా.