అంజవ్వ మోరీబండ విజయము

స్వస్తి! ప్రచండభానుతాపతప్తమైన వైశాఖమాసమున, సోమవారము పొద్దున పదిగంటల శుభవేళ, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నడుమ, పేరు చెబితే పెద్దమనుషులు నొచ్చుకునే ఒకానొక పట్టణాన, ప్రజాసేవలలో పౌరభాగస్వామ్యమను మహాయాగము జరిగిన తీరు వినుడు.

ఆ యాగమునకు ఫ్లెక్సీయే ధ్వజము, ప్లేటులోని బిస్కెట్లే హవిస్సు, యాభైమంది పౌరులతో దిగిన ఫోటోను పన్నెండులోపు పైకి పంపుటయే పూర్ణాహుతి. యాజ్ఞికుడు వార్డు ఆఫీసరు అజయ్.

అచటికి బీడీచాటయే డాలుగా, ఆకు కత్తెరయే ఖడ్గముగా విచ్చేసెను వీరనారీశిరోమణి అంజవ్వ. గల్లీ మొదట మోరీ, అనగా మురుగుకాలువ, మీది బండ పగిలి ఆరునెలలు. చూపు మందగించిన ఆమె పెనిమిటి రాజం అందులో పడి కాలు విరగ్గొట్టుకొన్నాడు. కాలు అతికినా గుండె అతకలేదు. అవతలి చాయ్ హోటలు ఆయనకు సముద్రము నడిమి లంక అయినది. ఆమె విడిచిన ఏడు దరఖాస్తులు గురి తప్పని బాణములే, కాని తగిలినవాడు కదలలేదు.

అంజవ్వ సభకు పోక, చాట ఒళ్ళో పెట్టుకొని మోరీ గట్టునే కూర్చుండెను. బీడీలు చేసే ఆడవారందరూ ఆమె వెంట బారులు తీరగా, ఫ్లెక్సీ కింద సభ ఖాళీ ఆయెను.

"అవ్వా, జర ఫ్లెక్సీ కాడికి రాండ్రి. ఒక్క ఫోటోనే," అనెను అజయ్.

"ఫోటో ఈడనే దిగుదాం సారూ. ఏడు కాయితాలిచ్చిన. ఎనిమిదోది మా మొఖాలే. బండ పడ్డదాక గీ గట్టు దిగ. నా చాట మీద ఒట్టు."

భీకరప్రతిజ్ఞకు దిక్కులు దద్దరిల్లెను. అజయ్ ఫోను ఎటు తిప్పినా, పగిలిన మోరీ నోరు తెరచి ఫోటోలో పడుచుండెను. పదకొండున్నర అయినది.

"కొత్త బండ మా ఆఫీసు ఎనకనే ఉన్నది. మోసేటోళ్ళే లేరు," అని ఎట్టకేలకు ఒప్పుకొనెను.

"భాగస్వామ్యమంటివి గద సారూ. ఒక కొస నువ్వు పట్టు. తక్కినయి మావోళ్ళు పడతరు."

అంతట ఆఫీసరు చొక్కా చెమటతో తడియగా, బీడీసేన కొంగులు బిగించి, బండ మోసికొని వచ్చి, మోరీ నోట ధడాలున మోపెను. పన్నెండుకు రెండు నిమిషాలుండగా ఫోటో పోయినది. నివేదికలో, 'భాగస్వామ్యము నూరు శాతము, సమస్యలు లేవు.'

ఇల్లు వెడలి వచ్చిన రాజం కర్రతో బండను రెండుసార్లు తట్టెను.

"పడ్డదా?"

"పడ్డది. నడువ్," అనెను అంజవ్వ.

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల భూమండలము జయింపబడెను. అంజవ్వకు కన్నీళ్ళు వచ్చెను. పొగాకు ఘాటని అందరికీ చెప్పెను. అవతల, ఆరునెలల తరువాత మొదటి చాయ్ తాగిన రాజం, చక్కెర ఎక్కువైనదని హోటలువాణ్ణి తిట్టుచుండెను.

జయము, అంజవ్వకు జయము.