ముహూర్తాలలో జబ్బుపడరాదు

ఎప్పుడు పడితే అప్పుడు జబ్బుపడటం అనాగరికుల లక్షణం. నాగరికమైన దేశంలో మనిషికి జ్వరం ఏ తిథినాడు రావచ్చునో, ఏ తిథినాడు రాకూడదో పై అధికారులు ముందుగానే నిర్ణయించి ఉంచాలి. ఈ విషయంలో ఇంగ్లండువారికి కూడా సాధ్యంకాని ప్రగతిని మా తిరుపతిలో ఒక లలిత కళాశాల, ఇంత యుద్ధంలో, ఇంత కాగితాల కరువులో, ఒంటిచేత్తో సాధించింది. ఆ కాలేజీ ఆఫీసులో మావారు హెడ్డు గుమాస్తా. రిజిస్ట్రారు దేవరాజులు నాయుడుగారు మా పక్కింటివారు. కాబట్టి ఈ ప్రగతిలో సగం మా పెరటిగోడ మీదుగానే జరిగింది.

అక్కడ సంగీతం, నృత్యం, శిల్పం నేర్పుతారు. కళాకారులకు సెలవు నిబంధనలు ఎవరూ రాసి ఉండకపోవడం వల్ల, కాలేజీ పెట్టిన కొత్తలో అటవీశాఖ నిబంధనలు అరువు తెచ్చుకున్నారు. (వీణ తంత్రి తెగితే ఈనాటికీ "జంతువు గాయపడిన విధము" అన్న శీర్షిక కిందే రాయాలి.) వాటి ప్రకారం అధ్యాపకుడికి జబ్బు సెలవు తప్ప మరో సెలవు లేదు. అడవిలో ఉండేవాడికి పెళ్లిళ్లూ పేరంటాలూ ఏముంటాయని కాబోలు.

కానీ సంగీతశాఖలో ఉన్నవాళ్లు నాదస్వరం, డోలు విద్వాంసులు. వాళ్లు రానిదే ఈ జిల్లాలో ఎవరూ తాళి కట్టరు. అందుచేత వైశాఖం రాగానే ఆ శాఖకు అంటువ్యాధి సోకేది. నాదస్వరానికి జ్వరం, డోలుకు కీళ్లవాతం, శ్రుతికి కడుపునొప్పి. మర్నాడు ముగ్గురూ కొత్త పంచెలు కట్టుకుని, నోళ్లు ఎర్రగా పండి, గంధం వాసన కొడుతూ కోలుకుని వచ్చేవారు. ఇంత పరిమళమైన రోగం వైద్యశాస్త్రంలో ఇంకొకటి లేదు.

నాయుడుగారు దీన్ని చాలాకాలం ఎండదెబ్బ అనుకున్నారు. ఒకనాడు మావారి బల్లమీద పంచాంగం కనబడింది. జ్వరాలనూ ముహూర్తాలనూ పక్కపక్కన పెట్టి చూసుకుని ఆయన నిర్ఘాంతపోయారు. వెంటనే కాలేజీ ఖర్చుతో ఒక పంచాంగం కొనిపించి, నిబంధనల పుస్తకం మీద పెట్టించి, ఉత్తరువు జారీ చేశారు. వివాహ ముహూర్తం ఉన్న రోజున సిబ్బందిలో ఎవరూ జబ్బుపడరాదు. మూఢంలోనూ ఆషాఢంలోనూ జబ్బుపడేవారికి ఆఫీసు అభ్యంతరం లేదు. ఏ రోజు రోగియైనా చిత్తూరు పోయి పెద్దడాక్టరు సర్టిఫికెట్టు తేవలెను.

చిత్తూరు బస్సు యుద్ధం వచ్చాక పెట్రోలు మానేసి బొగ్గులు తింటోంది. పూతలపట్టు ఎత్తు దగ్గర అందరూ దిగి తోయాలి. తోయగలిగినవాణ్ణి డాక్టరు ఆరోగ్యవంతుడని వెనక్కి పంపుతాడు. తోయలేనివాడు డాక్టరు దాకా చేరడు. ఉత్తరువు ఇంత బాగా పనిచేస్తుందని నాయుడుగారు కూడా అనుకోలేదు.

శిల్పశాఖ పెంచలయ్యకు మాత్రం నిజంగానే చలిజ్వరం వచ్చింది. ఆనాడు దివ్యమైన ముహూర్తం. కనుక జ్వరాన్ని తిరస్కరించారు. ఆయన దుప్పటి కప్పుకుని వణుకుతూనే గరుత్మంతుడి రెక్కలు చెక్కాడు. ఆ ఈకల్లో గాలి కనబడుతోందని పరీక్షాధికారి మెచ్చుకున్నారు.

అందరికన్నా ఉత్తరువును శ్రద్ధగా పాటించినవాడు నాదస్వరం మునిరత్నం. ఎన్నో ఏళ్లుగా ఆయనది తాత్కాలికపు ఉద్యోగం. ఏడాది పొడుగునా ఒక్క నాగా లేకుండా వస్తే ఖాయం చేస్తామన్నారు. ఆ ఏడు ఆయన ఒక్క పెళ్లి ఒప్పుకోలేదు. వైశాఖమంతా ఖాళీ తరగతిలో గోడకు కల్యాణి వినిపించాడు. (శిష్యులంతా పెళ్లిళ్లకు వాయించడానికి పోయారు. ఉత్తరువు విద్యార్థులకు వర్తించదు.) జ్యేష్ఠం గడిస్తే ఏడాది నిండుతుంది.

ఆ జ్యేష్ఠంలోనే నాయుడుగారి అమ్మాయి పంకజాక్షికి పెళ్లి కుదిరింది. అప్పడాలు ఒత్తడానికి పోయి నేనూ వాళ్ల వసారాలోనే ఉన్నాను.

"మేళం ఎవురికి చెప్పినారు?" అని అడిగింది వసంతమ్మ, ఆయన భార్య.

"సూస్తాంలే."

"సూసేదేముండాది? బంగారుపాళ్యం వియ్యంకుడు అడిగింది ఆ ఒక్కటే గదా. బండ్లకు బండ్లు మామిడిపండ్లు తోలిస్తా, మేళం మాత్రం మునిరత్నందే కావల్ల, పిల్లకాయల మేళమైతే పీటల మీంచి లేస్తామన్నాడు."

"ఆ పొద్దు ముహూర్తం. మునిరత్నానికి జబ్బు చేసేదానికి లేదు."

"ముహూర్తంలో కాకుండా మూఢంలో చేస్తామా పెండ్లి?"

నాయుడుగారు ఆలోచనలో పడ్డారు. (మూఢంలో చేస్తే ఉత్తరువుకు భంగం ఉండదు కదా అని ఆయన నిజంగానే ఆలోచించారని నా అనుమానం.)

"ఆ రూలేదో మార్చి పారేయండి."

"కమిటీ మార్చల్ల. కమిటీ ఆషాఢంలో గానీ కూసోదు. పెండ్లిండ్ల కాలంలో మెంబర్లకు తీరిక యాడుంటుంది?"

"వింటివా వదినా," అంది వసంతమ్మ నావైపు తిరిగి. "ఈయప్పకు బిడ్డ కన్నా పంచాంగం ముద్దు." అప్పటికప్పుడే మనిషిని పంపి మునిరత్నాన్ని పిలిపించింది. ఆయన వసారా మెట్టు దగ్గరే నిలబడ్డాడు.

నాయుడుగారు గొంతు సవరించుకున్నారు. "సూడు మునిరత్నం. రిజిస్ట్రారుగా చెప్తా ఉండా, ఆ పొద్దు నువ్వు కాలేజీకి రావల్ల. పెండ్లికూతురు నాయనగా చెప్తా ఉండా, పెండ్లికి రావల్ల."

"ఇద్దురూ తమరే గదా సామీ. ఎవురి మాట వినేది?"

"ఇంట్లో ఇంటి మాట. ఆఫీసులో ఆఫీసు మాట."

"మరి నా ఉద్యోగం ఖాయం మాట?"

"అది ఫైల్లో ఉండాది."

"నేనుండా గదప్పా," అంది వసంతమ్మ. "వచ్చి వాయించు. ఈయన నిన్నేమన్నా అంటే నేను ఊరుకుంటానా?" పంకజాక్షి తలుపు చాటునుంచి తొంగిచూసింది. ఆ పిల్ల చిన్నప్పుడు ఆయన నాదస్వరం వింటేగానీ అన్నం తినేది కాదు. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

పెళ్లి దివ్యంగా జరిగింది. మునిరత్నం వాయిస్తుంటే వంటవాళ్లు గరిటెలు వదిలేసి వచ్చారు. ముందువరుసలో కూర్చున్న నాయుడుగారు తల ఊపి ఊపి కండువాతో కళ్లొత్తుకున్నారు. పంచెకు కూడా కూపను కావలసిన ఈ రోజుల్లో వసంతమ్మ ఎర్రంచు ఉన్ని శాలువ ఒకటి మునిరత్నానికి తన చేతులతో కప్పింది.

మరుసటి పనిదినం నాయుడుగారు చేతుల పసుపు వదలకుండానే ఆఫీసుకు వచ్చి మెమో రాయించారు. ఫలానా ముహూర్తాన తమరు కాలేజీకి రాకపోగా, ఒక వివాహంలో నాదస్వరం వాయించుచుండగా విశ్వసనీయుడైన ఒక అధికారి కళ్లారా చూచి, చెవులారా వినినారు. సంజాయిషీ ఇవ్వవలెను.

"ఎవురప్పా ఆ అధికారి?" అని అడిగాడు మునిరత్నం, మెమో ఇచ్చిన మావారిని.

"ఆయనే."

"ఆయనా ఆ పొద్దు ఆపీసుకు రాల్యా గదా. ఆయనకేం రోగం?"

మావారికి ఇది న్యాయంగానే తోచింది. ఆఫీసు భాషలోకి మార్చి, తమరి గైర్హాజరును ఏ విధంగా చూపమంటారని నాయుడుగారిని అడిగారు. ఆయన ఏమాత్రం తొణకలేదు. తాను రాలేదనడం పొరపాటనీ, ఆ రోజంతా డ్యూటీలోనే ఉన్నాననీ చెప్పారు. సిబ్బంది ఎవరైనా పెళ్లిళ్లలో వాయిస్తున్నారేమో తనిఖీ చేయడానికి తనను తాను నియమించుకుంటూ శుభలేఖలు పంచిన నాడే సంతకం చేసి పెట్టుకున్నారట. నివేదిక కూడా సిద్ధంగా ఉంది. నేరస్థుడి వాద్యం అత్యంత శ్రావ్యంగా ఉండుటచేత, ఆధారాలు సంపూర్ణంగా సేకరించుటకై అధికారి ఆఖరిదాకా కూర్చోవలసి వచ్చినదని అందులో ఉంది.

ఆ సాయంత్రం వసంతమ్మ ఆయనతో మాట్లాడలేదు. రాత్రికి అన్నం మాత్రం వడ్డించింది.

ఆషాఢంలో కమిటీ కూర్చుని, ఉత్తరువు కింద పట్టుబడిన మొదటి నేరం ఇదేనని నాయుడుగారిని అభినందించింది. మునిరత్నం ఏడాది మళ్లీ మొదటినుంచి లెక్కకు వస్తుంది. పెళ్లిలో పుచ్చుకున్న శాలువను సాక్ష్యంగా ఆఫీసులో అప్పగించమంటే ఆయన మడత పెట్టి తెచ్చి ఇచ్చాడు.

ఈ మార్గశిరంలో చలి కాస్త ఎక్కువగానే ఉంది. ఆఫీసులో నాయుడుగారు ఆ సాక్ష్యాన్నే కప్పుకుంటున్నారు.