గుమ్మటానికి జేజేలు

అడుగున చిల్లు పడినా అది ఓడే గాని, నెత్తిన శాటిలైట్ గుమ్మటం లేకపోతే ఓడే కాదు. ఈ మాట అంటున్నది ఐదో తరగతి తప్పి ఓడెక్కి, కళాసీగా మొదలై సరంగు దాకా వచ్చినవాడు. సరంగు అంటే డెక్కు పనివాళ్లకు పెద్ద, ఆఫీసర్లకు చిన్న. రెండు వైపుల నుంచీ తిట్లు అందుకునే ఉద్యోగం.

గుమ్మటం రాకముందు మా బతుకెంత హీనంగా ఉండేదో మీకేం తెలుసు? తుఫాను వస్తే కెప్టెన్ ఆకాశం చూసి, తన బుర్రతోనే ఆలోచించుకోవాల్సి వచ్చేది. పాపం! ఇప్పుడా బాధ లేదు, నడిసముద్రంలోనూ గుమ్మటం ఉపగ్రహం నుంచి ఫోన్ లైన్ పట్టుకొస్తుంది. మోకాలి లోతు దాటి నీళ్లలో దిగని పెద్దమనిషి ఎవరో ఒడ్డున ఏసీ గదిలోంచి ఫోన్ చేసి, "అక్కడ వాన లేదండీ, మా స్క్రీన్ మీద ఎండ కాస్తోంది" అంటాడు. మేం తడుస్తూ నమ్ముతాం.

దాన్ని బిగించిన వైనం ఇంకా గొప్పది. నాలుగు దిక్కులా అడ్డులేని చోట పెట్టమని దానితో వచ్చిన పుస్తకం చెప్పిందట. ఫొటోలో బాగా పడే చోట పెట్టమని ఆఫీసు చెప్పింది. పొగగొట్టం వెనకాల కుదిర్చారు. ఓడ ఓ పక్కకు తిరిగిందా, పొగగొట్టం అడ్డొచ్చి లైన్ పోతుంది. కాబట్టి వీలైతే అటు తిరగొద్దన్నారు. గుమ్మటం కోసం ఓడ గాని, ఓడ కోసం గుమ్మటమా?

లోపల పళ్లెంలాంటి యాంటెనా ఉంటుంది. కరెంటు తగలగానే ఉపగ్రహాన్ని వెతుక్కుంటూ గిర్రున తిరుగుతుంది. అందుకని పైకెక్కేవాడు కరెంటు ఆపి, స్విచ్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి తన జేబులోనే ఉంచుకోవాలి. ఓడ మీద ఇది వేదవాక్కు.

మొన్న లోపలి బోల్టు వదులైంది. మా ఎలక్ట్రీషియన్, అంటే సాక్షాత్తూ నా చెల్లెలి మొగుడు, తాళం వేసి తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

"జాగ్రత్త బావా. నీకేమన్నా అయితే మా చెల్లి నన్ను తంతుంది" అన్నాను.

"తన్నించుకో బావా, నాకు రోజూ ఉండేదేగా" అంటూ ఎక్కాడు.

అప్పుడే ఆఫీసు వారి వీడియో పాఠానికి వేళయింది.

"సరంగూ, లైనేది?" అన్నాడు కెప్టెన్.

"మనిషి పైనున్నాడు సార్. తాళంచెవి అతని జేబులోనే ఉంది."

"ఇంకోటి నా దగ్గరుందిలే. కాసేపు వేస్తే కొంప మునగదు. పాఠం వినలేదంటే నాకు అక్షింతలు."

"అతను దిగేదాకా ఆగండి సార్..."

అప్పటికే తాళం తీసి స్విచ్ వేశాడు. నేను బయటికి పరిగెత్తి కేకేసేలోపు పైనుంచే కేక వినబడింది.

ఆనాటి పాఠం పేరు 'ఎత్తులో క్షేమంగా పనిచేయుట'.

బావ కుడిచేతి వేళ్లు రెండు నలిగాయి. ఒడ్డున డాక్టర్ని అడుగుదామంటే లైన్ లేదు. వేళ్లు నలిపిన యాంటెనా తానూ వంకరపోయి కూర్చుంది. రేవు చేరాక డాక్టరు చూసి, చూపుడు వేలు ఇక వంగదన్నాడు. వంగని వేలితో స్క్రూడ్రైవర్ ఎలా పట్టాలో ఆయన చెప్పలేదు. దానికీ ఒక వీడియో ఉండే ఉంటుంది.

ఆఫీసు వారు మాత్రం వెంటనే స్పందించారు. ఎలక్ట్రీషియన్ క్షేమ పాఠానికి ఎందుకు హాజరు కాలేదని ఫోన్ చేసి అడిగారు. లైన్ లేకపోయినా మిగతా అందరికీ కెప్టెన్ హాజరు వేసేశాడు మరి. బావకు చెప్పాను.

"మీరంతా విన్నార్లే బావా, నేర్చుకుంది నేనొక్కణ్ణే" అన్నాడు కట్టు చూసుకుంటూ.

రేపు కొత్త గుమ్మటం బిగిస్తున్నారు. పాతదానికన్నా పెద్దది, ఇంకా వేగంగా తిరుగుతుందట. ఇంతటి వరాన్ని ప్రసాదించిన ఆఫీసు పెద్దల్లో ఒకరు స్వయంగా విచ్చేసి, పైకెక్కి, శుభమా అని లోపల చెయ్యి పెట్టి ప్రారంభించాలని నా మనవి. భయం అక్కర్లేదు. కింద స్విచ్ దగ్గర నేనుంటాను.