రైతుకో గోల్ఫ్ కోచ్

పాలమూరు రైతుకు ఇప్పుడు కావలసింది నీళ్లు కాదు. కరెంటు కాదు. గిట్టుబాటు ధర అసలే కాదు. గోల్ఫ్ కోచ్!

నవ్వకండి. నేను చాయ్ తాగి, మొహం కడుక్కుని, పూర్తి తెలివిలో ఉండే రాస్తున్నాను.

మా ఉప్పునుంతల దిక్కు ఎవరినైనా అడిగి చూడండి, పంట ఎందుకు పోయిందని. వాన రాలేదంటాడు. విత్తనం కల్తీ అంటాడు. కాలువ చివరిదాకా నీళ్లు పారలేదంటాడు. ఎప్పుడు చూసినా నెపం ఎదుటివాడి మీదే! ఒక్కడైనా "గింజలు చల్లేటప్పుడు నా భుజం సరిగ్గా తిరగలేదు" అన్నాడా? "నాగలి పట్టినప్పుడు నా చూపు పక్కకు పోయింది" అని ఒప్పుకున్నాడా? కోచ్ లేకపోవడం వల్ల వచ్చిన చీకటి ఇది!

కోచ్ ఉంటే ఎట్లా ఉంటుందో ఊహించండి. బోరు ఎండిపోయింది. కోచ్ వచ్చి వీడియో తిప్పి చూపిస్తాడు: "డ్రిల్లింగ్ టైమ్‌లో మీరు నెగటివ్‌గా ఆలోచిస్తున్నారు సార్, మొహంలోనే తెలుస్తోంది." పత్తికి పురుగు పట్టింది. "పురుగును చూడగానే మీరు కంగారు పడుతున్నారు, అది గమనించింది." గద్వాలలో చీర అమ్ముడుపోక మగ్గం ముందు దిగాలుగా కూర్చున్న నేతగాడికి ఒకటే మాట: "పోశ్చర్!"

సమస్య ఎంత సులువుగా సమస్య ఉన్నవాడి ఒంట్లోకే దూరిపోయిందో చూశారా? సర్కారుకు ఖర్చు లేదు. కంపెనీలకు తలనొప్పి లేదు. రైతు ఒక్కడు నడుం కాస్త వంచితే చాలు. అది వాడికి అలవాటే!

నా మాట నమ్మనివాళ్లు కురుమూర్తిని చూడండి.

కొల్లాపూర్ పోయే తోవలో, ఎత్తు మీద, కురుమూర్తికి చెలక ఉండేది. ఎర్ర నేల. వానపడితే జొన్న, కంది, పడకపోతే రాళ్లు. ఒకనాడు కంపెనీ వచ్చింది. విల్లాలు కడతామంది. విల్లాల నడుమ తొమ్మిది గుంతల గోల్ఫ్ కోర్సు వేస్తామంది. చుట్టూ అందరూ అమ్మేశాక నడుమ ఒక్కడు మిగిలి ఏం చేస్తాడు? కురుమూర్తీ అమ్మాడు. కాకపోతే ఒక్క షరతు పెట్టాడు.

చెలక నడిమధ్యన వాళ్ల నాయన మల్లన్న సమాధి ఉంది. మా వైపు భూమి ఉన్న రైతు చనిపోతే ఎక్కడికో మోసుకుపోరు. బతికినన్నాళ్లూ దున్నిన మట్టిలోనే పడుకోబెడతారు. ఏటా పెద్దల అమాసకు కొడుకూ కోడలూ పోయి సమాధి కడిగి, సున్నం వేసి, వండింది పెట్టి, కొబ్బరికాయ కొట్టి వస్తారు.

"మా నాయన కాడికి పోనీకి తోవ ఇడువాలె," అన్నాడు కురుమూర్తి.

కంపెనీ మనిషి క్షణం ఆలోచించలేదు. "తోవేంటి పెద్దాయనా! నీకు లైఫ్‌టైమ్ మెంబర్‌షిప్పే ఇస్తాం."

చూశారా ఉదారత! బండి పట్టేంత బాట అడిగినవాడికి గోల్ఫ్ కోర్సు మొత్తం ఇచ్చేశారు! ఇచ్చినవాళ్లు రెండు చిన్న మాటలు మాత్రం చెప్పారు. గేటు దాటాలంటే బూట్లు ఉండాలి, చెప్పులతోనూ వట్టి కాళ్లతోనూ రానివ్వరు. ఇక సమాధి సంగతి ఎవరి ముందూ ఎత్తకూడదు, ఎత్తితే విల్లాలు అమ్ముడుపోవు.

తర్వాత డోజర్ వచ్చి సమాధి గద్దెను చదును చేసింది. దాని మీద, చాపల్లా చుట్టి లారీలో తెచ్చిన గడ్డి పరిచారు. పొద్దునా సాయంత్రం స్ప్రింక్లర్లు తిప్పుతారు. బతికినన్నాళ్లూ మొగులు వైపు చూసి చూసి మెడ పట్టేసిన మల్లన్న మీద ఇప్పుడు రెండు పూటలా సన్నటి జల్లు కురుస్తోంది. పోయాకనైనా ఆయనకు నీటి వసతి కలిగింది. అభివృద్ధి కాదనగలరా?

మెంబర్ అన్నాక ఆడాలి మరి. ఆడేవాళ్లకే గడ్డి మీదికి ప్రవేశం. కురుమూర్తి బూట్లు కొన్నాడు, టోపీ కొన్నాడు, ఆట నేర్చుకున్నాడు. చిన్నప్పుడు చిర్రగోనె, అంటే గిల్లీదండా, ఆడిన చెయ్యి కదా, తొందరగానే పట్టుబడింది. చిర్రగోనెలో ఓడి పారిపోతే కొట్టేవాళ్లు, ఇక్కడ ఓడినా చప్పట్లు కొడతారు, అంతే తేడా.

ఆయన భార్య పెంటమ్మకు మెంబర్‌షిప్ లేదు. కానీ కర్రల సంచి మోసే మనిషికి, అంటే క్యాడీకి, మెంబర్‌షిప్ అక్కర్లేదు. పెంటమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపి, కంపెనీ ఇచ్చిన బూట్లు తొడిగి, సంచి భుజాన వేసుకుంది. బంతులు పెట్టే జేబులో ఊదుబత్తీలు పెట్టింది.

"మా మామకు దండం పెట్టుకోనీకి గీ గుంజలన్ని మొయ్యాల్నా?" అని గొణిగింది. మోసింది.

అంతా సుఖంగా సాగుతుండగా కంపెనీ కొత్త రూలు తెచ్చింది. ఆట రాని మెంబర్ల వల్ల గడ్డి పాడవుతోందట. తొమ్మిది గుంతలనూ యాభై నాలుగు దెబ్బల్లోపు ముగించి, కార్డు మీద కోచ్ సంతకం పెట్టించుకోవాలి. పెట్టించుకోనివాళ్లు ఇకపై సోషల్ మెంబర్లు. సోషల్ మెంబర్ అంటే వరండాలో కూర్చుని, కాఫీ తాగుతూ, గడ్డిని చూడవచ్చు. తొక్కరాదు.

గడువు పెద్దల అమాసకు ముందే ముగుస్తుంది. అంటే కురుమూర్తి ఆట బాగుంటేనే ఈ ఏడు మల్లన్నకు కొబ్బరికాయ! తండ్రి మీద ఎంత భక్తి ఉందో ఇన్నాళ్లూ కొలవడానికి సాధనం లేకపోయింది మనకు. ఇప్పుడు దొరికింది.

కోచ్ పేరు శ్రుతి. హైదరాబాద్ అమ్మాయి. ఆట తెలిసిన పిల్ల, మనసూ మంచిదే. క్లబ్బు గదిలో ఏసీ కింద కురుమూర్తిని కూర్చోబెట్టి, ట్యాబ్‌లో ఆయన ఆడిన రౌండు తెరిచింది. పెంటమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర నేల మీద కూర్చుంది.

"అంకుల్, మీ ఆట చూస్తే నాకు పిచ్చెక్కుతోంది," అంది శ్రుతి. "ఐదో హోల్ దాకా సూపర్. ఏడు, ఎనిమిది, తొమ్మిది సూపర్. ఆరులో మాత్రం పద్నాలుగు! మొత్తం యాభై తొమ్మిది. పోయినసారి కూడా ఆరే ముంచింది. ఇద్దరు మనుషులు ఆడినట్టుంది."

కురుమూర్తి టోపీ తీసి మోకాలికి తగిలించుకున్నాడు. "జర కష్టం మేడం ఆ గుంత."

"కష్టమా? కోర్సు మొత్తంలో అదే ఈజీ! ఇసుక లేదు, నీళ్లు లేవు, అడ్డం చెట్టు కూడా లేదు."

వీడియో తిప్పింది. మొదటి దెబ్బ చక్కగా తగిలింది. బంతి పోయి గడ్డి నడుమ పడింది. తెర మీది కురుమూర్తి దాని దగ్గరికి నడిచి, వంగి, బూట్లు విప్పాడు. కర్ర పైకి లేపలేదు. కోడిపిల్లను తోలినట్టు బంతిని మెల్లగా పక్కకు నెట్టాడు. మళ్లీ నెట్టాడు. మళ్లీ. శ్రుతి వేలితో నొక్కగానే బంతి నడిచిన దారి ఎర్ర గీతగా వెలిగింది. ఆ గీత ఒక ఖాళీ జాగా చుట్టూ, గుడి చుట్టూ తిరిగినట్టు తిరిగి, అప్పుడు జెండా వైపు పోయింది.

"ఇక్కడ ఏముంది అంకుల్? ఏమీ లేదు! లేనిదాని చుట్టూ ఎందుకు తిరుగుతున్నారు?"

కురుమూర్తి ఏసీ వైపు చూశాడు.

"ఇది మెంటల్ బ్లాక్," అంది శ్రుతి. "కొందరికి లేని అడ్డంకి ఉన్నట్టు అనిపిస్తుంది. బ్రీతింగ్ ఎక్సర్‌సైజ్ చేద్దాం. ఇంకోటి, ఆ షూస్ ఎందుకు తీస్తున్నారు? గ్రిప్ పోతోంది."

ఎంత లోతైన విశ్లేషణ! చెలక పోయింది, తోవ పోయింది, సమాధి గద్దె పోయింది. ఇన్ని పోయినా అసలు పోయిందేమిటో మనకెవరికీ తట్టలేదు. గ్రిప్!

గడప దగ్గర పెంటమ్మ కదిలింది. "నువ్వన్న చెప్తవా, నేనన్న చెప్పాల్నా?"

"ఊకోయే. గా ముచ్చట ఎత్తొద్దన్నరు గద."

"ఎన్నొద్దులు ఊకోవాలె? ఆ పిల్ల ఏం లేదు, ఏం లేదు అనవట్టె! బిడ్డా, ఆడ మా మామ పండుకున్నడు. ఆయన మీదికెల్లి కర్ర తిప్పి ఎట్ల కొడ్తడు? నువ్వయితే మీ తాత మీదికెల్లి కొడ్తవా?"

శ్రుతి తెర మీది ఖాళీ జాగా వైపు చూసింది. దాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసింది. ఎంత పెద్దది చేసినా గడ్డే కనిపించింది.

"సారీ అంకుల్," అంది చివరికి.

"నువ్వేం జేస్తవ్ మేడం? పరేషాన్ గాకు. నీ మిషన్‌కు తెల్వదు గద."

"ఏ మూలకు పడుకున్నారు? సరిగ్గా చూపిస్తారా?"

ఆ మరునాడు పొద్దున శ్రుతి తెల్ల రంగు డబ్బా పట్టుకుని ఆరో గుంత దారిలోకి వచ్చింది. కోర్సు మీద గీతలు గీసే పని ఆమెదే. కురుమూర్తి వట్టి కాళ్లతో నాలుగు మూలలూ నిలబడి చూపించాడు. ఆమె చుట్టూ తెల్లగా గీసింది. గోల్ఫ్‌లో అట్లా గీసిన జాగాను మరమ్మతులో ఉన్న నేల అంటారట. అందులో ఎవరూ ఆడనక్కర్లేదు. బంతి పడితే చేత్తో తీసి బయట పెట్టుకోవచ్చు. అదనపు దెబ్బ లెక్కలోకి రాదు.

మేనేజర్ వచ్చి అడిగాడు. "ఏం రిపేరు మేడం?"

"కింద ప్రాబ్లమ్ ఉంది సార్," అంది శ్రుతి. "టైమ్ పడుతుంది."

పెంటమ్మ ఆ గీత పక్కన గొంతుక్కూర్చుని వేలితో తాకి చూసింది. "సున్నం ఏసినవా బిడ్డా! ఏటా మేమే ఏస్తుంటిమి."

రిజిస్ట్రేషన్ కాగితాలు, పెద్దమనుషుల మాటలు, నోటి హామీలు ఏవీ మల్లన్నకు మిగల్చలేని ఆరడుగుల నేలను గోల్ఫ్ రూలు మిగిల్చింది. ఈ ఆటను తిట్టేవాళ్లు ఇకనైనా నోరు మూసుకోవాలి!

ఆ గీత పడ్డాక ఆడిన రౌండును కురుమూర్తి యాభై ఒకటిలో ముగించాడు. ఆరో గుంతకు ఆరే దెబ్బలు. శ్రుతి సంతకం పెట్టింది.

అసలు కథ ఆ తర్వాతే. హైదరాబాద్ నుంచి శని, ఆదివారాలు దిగే బిల్డర్లు, డాక్టర్లు ముక్కున వేలేసుకున్నారు. పద్నాలుగు నుంచి ఆరుకా? ఏం చేశాడు? ఏం తిన్నాడు? ఆరా తీస్తే ఒకటే తేలింది: ఆరో గుంత దగ్గర బూట్లు విప్పుతాడు! ఇంకేం? అందరూ విప్పడం మొదలుపెట్టారు. భూమిలోని శక్తి అరికాళ్లలోంచి ఎక్కుతుందని ఒక డాక్టరు గారు వివరించారు కూడా. మేనేజర్ అక్కడ బూట్ల స్టాండు పెట్టించాడు.

ఆ మల్లన్న, బతికుండగా, పెద్దిళ్ల ముందు నుంచి పోవాల్సి వస్తే చెప్పులు చేతబట్టుకుని నడిచిన మనిషి. ఇప్పుడు కోటీశ్వరులు వరుసగా వచ్చి ఆయన ముందు బూట్లు విప్పుతున్నారు. ఎందుకో వాళ్లకు తెలియదు. తెలిస్తే విల్లాలు అమ్ముకుని పోతారు.

పెద్దల అమాస వచ్చింది. కురుమూర్తి ఐదు గుంతలు ఆడి, ఆరో దాంట్లో ఆగాడు. పెంటమ్మ సంచిలోంచి గిన్నె తీసి, తెల్ల గీతల నడుమ అన్నం, పప్పు, గారెలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టడానికి రాయి దొరకలేదు. ఒకప్పుడు రాళ్లకు కొదవలేని ఆ చెలకలో! ఇనుప కర్రతో కొట్టారు. ఒక్క దెబ్బకే పగిలింది. శ్రుతికీ ఒక చిప్ప ఇచ్చారు.

"అంకుల్, మీ ఆటలో ఇప్పుడు నాకు ఏ లోపమూ కనిపించట్లేదు," అంది శ్రుతి కొబ్బరి కొరుకుతూ. "ఇంకేమైనా డౌట్స్ ఉన్నాయా?"

కురుమూర్తికి ఏమీ లేవు. పెంటమ్మకు ఉంది.

"ఒక్కటడుగుత బిడ్డా. మా ఇండ్లల్ల నాయన పక్కకే కొడుకును పెడ్తరు. రేపు ఈయనకేమన్న అయితే ఈడ పెట్టనిస్తరా? దానికెన్ని దెబ్బలల్ల ఆడాలె?"

శ్రుతి నమలడం ఆపింది. ట్యాబ్ పక్కనే ఉంది. తెరవలేదు. లైఫ్‌టైమ్ మెంబర్‌షిప్ ఎప్పటిదాకానో ఆమెకు తెలుసు.

"ఏందే నీ ముచ్చట!" అని నవ్వాడు కురుమూర్తి. "సచ్చినోనికి బూట్లెవరు తొడుగుతరు? వట్టి కాళ్లతోని పోతే గేటుకాడ్నే ఆపుతరు."

కనుక కంపెనీవారికి నా మనవి. కోచ్‌లను ఇంకా పెంచండి. చనిపోయిన రైతు ఎట్లా బూట్లు తొడుక్కోవాలో, ఎట్లా గేటు దాటాలో, తండ్రి పక్కకు ఎన్ని దెబ్బల్లో చేరుకోవాలో ఓపికగా నేర్పించండి. వాళ్లు నేర్చుకుంటారు, మావాళ్లు ఏదైనా నేర్చుకుంటారు.

తోవ మాత్రం ఇవ్వకండి. తోవ ఇస్తే ఆట ఎవరు ఆడతారు?