దొర బంగళా పరదాలు

రేపల్లెలోని దొర బంగళాకు నూరేళ్ళ కిందటి వైభవం తిరిగి తెస్తామని మంత్రి హనుమాన్‌ప్రసాద్ గారు బాపట్ల సభలో ప్రకటించారు. కిటికీ పరదాలు సైతం ఆనాటి పద్ధతిలో మగ్గం మీదే నేయిస్తామన్నారు. "పాలిస్టర్ పోగు ఒక్కటి కనిపించినా రాజీనామా చేస్తా!" అనేసరికి సభ చప్పట్లతో దద్దరిల్లింది. కొందరైతే ఆశగా కొట్టారు.

పని చీరాల దగ్గర నేతపేటలో ఉండే ఆదిలక్ష్మికి వచ్చింది. బంగళాలో మేకుకు చిక్కుకుని మిగిలిన పాత పరదా ముక్క చూసి, అదే ముదురు ఎరుపు, అవే సన్నటి నీలం చారలు ఎనిమిది కిటికీలకు నేసింది. ఇన్నేళ్ళుగా ఆమె నేసిన చీరలు ఏ ఊరు పోయాయో, ఎవరు కట్టుకున్నారో ఆమెకు తెలియదు. ఈసారి అలా కాదు. కిటికీలు ఎక్కడికీ పోవు. చూడాలనిపించినప్పుడల్లా బస్సెక్కి వచ్చి చూసుకోవచ్చు. అందుకే ప్రారంభోత్సవానికి, తనకు నూలు కండెలు చుట్టిపెట్టే పక్కింటి నగ్మాను కూడా వెంటబెట్టుకొచ్చింది. పరదాలకు ఇత్తడి రింగులు కుట్టి, తన చేత్తోనే తగిలించింది.

మంత్రి గారు రిబ్బన్ కత్తిరించడానికి ముందే ఒకసారి లోపలికొచ్చి చూశారు.

"ఏంటయ్యా గిరీషూ, ఇంత మెత్తగా ఉంది?"

"పీరియడ్ ఫాబ్రిక్ అంటారు సార్, ఆ కాలం నాటి గుడ్డ," అన్నాడు ప్రాజెక్టు ఆఫీసరు గిరీష్.

మంత్రి గారు పరదా కొసను బుగ్గకు ఆనించుకున్నారు. చేనేత మీద ఆయనకున్న ప్రేమ అందరికీ కనిపించింది. పార్టీ పట్టణ అధ్యక్షుడు పున్నారావుకు ఇంకాస్త ఎక్కువ కనిపించింది.

"ఇంత మంచి గుడ్డ ఇక్కడుండగా సార్‌కి తెనాలి పాలిస్టర్ శాలువా కప్పుతామా? సిగ్గుండొద్దూ మనకి!" అంటూ పరదా ఊడదీసి మంత్రి గారి భుజాన కప్పేశాడు.

"అయ్యా, అది కిటికీదండి," అంది ఆదిలక్ష్మి.

"ఇంకా ఏడున్నాయి కదమ్మా!"

ఎమ్మెల్యే గారికి పాలిస్టర్ శాలువా కప్పబోతే ఆయన భుజం తప్పించారు. "నేనేమన్నా ప్రతిపక్షమా?" రెండో పరదా దిగింది. "ఆడవాళ్ళంటే అంత లోకువా?" అన్నారు మున్సిపల్ చైర్‌పర్సన్ కరుణశ్రీ గారు. మూడోది దిగింది. తెనాలి వర్గానికి రెండిస్తే బాపట్ల వర్గం అలిగింది. వాళ్ళకూ రెండిచ్చి పార్టీని చీలిక నుంచి కాపాడారు. చివరిది సామాన్య కార్యకర్తల తరఫున పున్నారావే కప్పుకున్నాడు.

"అక్కా, నీ పరదాలు నడుచుకుంటా పోతన్నాయే!" అంది నగ్మా.

ఇకమీదట చూసుకోవాలంటే ఏ బస్సెక్కాలో ఆదిలక్ష్మికి అర్థం కాలేదు.

గిరీష్ గడియారం చూసుకున్నాడు. బయట ప్రెస్సు ఉంది, లోపల బోసి కిటికీలున్నాయి, బల్లమీద ఎనిమిది తెనాలి శాలువాలు మిగిలాయి. చదువుకున్న ఆఫీసరు కాబట్టి దారి వెంటనే దొరికింది. మంత్రి గారు రిబ్బన్ కత్తిరించి వచ్చేలోగా గులాబీరంగు శాలువాలు కిటికీలకు వేలాడుతూ తళతళలాడాయి.

"చూశారా! ఆ రోజుల్లో పనితనమే వేరు," అన్నారు మంత్రి గారు విలేకరులతో. "ఇప్పుడు చెయ్యమంటే ఎవడు చేస్తాడు?" ఆయన కళ్ళు చెమర్చాయి. "అన్నట్టు, నేసినావిడకి సన్మానం చెయ్యరేంటయ్యా?"

పున్నారావు అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఉన్న కిటికీ నుంచి శాలువా లాగి ఆదిలక్ష్మికి కప్పాడు. కెమెరాలు మెరిశాయి. ఆ వెలుగులో మంత్రి గారి చూపు ఖాళీ కిటికీ మీద పడింది.

"దానికి పరదా లేదేంటి?"

గిరీష్ చప్పున ముందుకొచ్చాడు. "ఆవిడ ఒకటి తక్కువ నేసిందండి."

మంత్రి గారు కోప్పడలేదు. ఆయనది పెద్ద మనసు.

"ప్రభుత్వ పనిలో అశ్రద్ధ పనికిరాదు తల్లీ. వారం టైమిస్తున్నా," అని ఆప్యాయంగా ఆదిలక్ష్మి తల నిమిరారు.

చెయ్యి ఎత్తినప్పుడల్లా ఆయన భుజం మీద ఇత్తడి రింగులు గలగలలాడాయి.