ఓబయ్య చేతికి రాని మూత

ఆ రోజు పొద్దున గురవమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పరగడుపున మాత్ర మింగాలి, అరగంట ఆగాలి, ఆ తర్వాత కాఫీ తాగాలి. ఆమెకు థైరాయిడ్ అని తేల్చిన గూడూరు డాక్టరు మాత్రల సీసా రాసిచ్చి, కాఫీ మాత్రం మాత్ర తర్వాతేనని గట్టిగా చెప్పాడు. గురవమ్మకు మాత్రతో పేచీ లేదు. కాని కాఫీ పడందే ఆమెకు తెల్లారదు. ఆమెకు తెల్లారకపోతే ఆ ఇంట్లో ఇంకెవరికీ తెల్లారదు.

తీరా చూస్తే సీసా మూత రాలేదు. తిప్పితే తిరుగుతోంది, టిక్కు టిక్కుమంటోంది, ఊడి మాత్రం రావడం లేదు. చీరకొంగు చుట్టి తిప్పింది. గడపకేసి తట్టింది. చివరికి వసారాలో వల బాగుచేసుకుంటున్న మొగుడి ఒళ్లో పడేసింది.

"ఇదేందో చూడు. గానుగెద్దు మాదిరి తిరగతా ఉండాదే గానీ ఊడి రాలా."

ఓబయ్య నవ్వాడు. సముద్రపొడ్డున జాలర్లుండే ఆ పట్టపుపాళెంలో బిగుసుకున్నది ఏదైనా ముందు ఆయన దగ్గరికే వస్తుంది. ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఇంజను బోల్టులు, పీటముడి పడ్డ మోకులు, కొత్త కోడళ్ల పచ్చడి సీసాలు, ఏదైనా సరే ఓబయ్య పట్టుకుంటే వచ్చి తీరాలి. వాకాడు మెకానిక్కు చేతులెత్తేసిన ఇంజనును ఆయన ఒక్క పట్టుతో విప్పిన సంగతి పాళెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పుకోని రోజున ఓబయ్యే గుర్తు చేస్తాడు. అలాంటి మనిషికి ఇంత మూత ఒక లెక్కా?

లెక్కే అయింది. ఓబయ్య తిప్పాడు. టిక్కుమంది. తువ్వాలు చుట్టి తిప్పాడు. టిక్కు టిక్కుమంది. డీజిలు రాసి తిప్పాడు. మిగిలిన పళ్లలో కాస్త నమ్మకమైన దాన్ని ఎంచుకుని కొరికాడు. మూత మీద కిందికి చూపిస్తూ రెండు బాణాలు చెక్కి ఉన్నాయి కాని, అది కంపెనీ గుర్తు కాబోలనుకున్నాడు. మనవరాలు వనజాక్షి ఎదురుగా గొంతుక్కూచుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని అంతా చూస్తోంది. ముత్తవ్వ పేరు పెట్టడం వల్ల నాలుగేళ్లకే పెద్దముత్తయిదువ పేరు వచ్చిపడింది ఆ పిల్లకు. చూపు కూడా ఆ పేరుకు తగ్గట్టే ఉంటుంది.

"తాతా, రాలేదా?"

"వస్తది. దానికింకా నిద్ర తేరలా."

ఇంతలో కొడుకు పెంచల్ బోటు ఒడ్డుకు వచ్చిందని కేక వినిపించింది. గురవమ్మ చేపలు ఏరడానికి గంప ఎత్తుకుని పోతూ వీధిలోంచి అరిచింది. "మూత తెరిచినావా?"

అటూ ఇటూ నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లందరి పచ్చడి సీసాలూ ఓబయ్య తెరిచినవే. నోరు తనంతట తానే పలికింది. "ఓ, ఎప్పుడో! తెరిచి మళ్లా వదులుగా మూసి పెట్టినా!"

"అయితే చేపలు సర్దేసొచ్చి మింగతా."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఓబయ్య ముందు రచ్చ గెలిచాడు. ఇక ఇంట గెలవడానికి ఉన్నది ఆమె తిరిగొచ్చేదాకానే. కోడలు రోజారమణి ఇంటరు చదివింది. ఎలా తెరవాలో రాసి ఉంటుందేమోనని, ఆ మాట బయటపడకుండా అడిగాడు.

"దీనిమీద ఏం రాసినారో చదువు తల్లీ."

రోజారమణి చేట పక్కన పెట్టి చూసింది. "చల్లటి చోట, పిల్లలకి అందకుండా పెట్టాలంట మామా."

పట్నంలో చల్లటి చోటంటే అలమారా అనో, ఎండ తగలని గూడు అనో అనుకుంటారు. పట్టపుపాళెంలో చల్లటి చోటు ఒక్కటే. అది వసారాలో ఉన్న చేపల ఐసు పెట్టె. నడుమెత్తు లోతు, ఎత్తలేనంత మూత, వనజాక్షి మునివేళ్ల మీద నిలబడ్డా అందదు. రాసినదానికి అక్షరం తప్పకుండా సరిపోయింది. ఓబయ్య సీసాను ఐసు పొడిలో పూడ్చిపెట్టి, బోటులో ఉన్న కటింగ్ ప్లయరు తేవడానికి రేవుకు బయల్దేరాడు. ప్లయరుతో రెండు నిమిషాల పని. ఎవరికీ తెలియదు.

ప్లయరు ఇంజను కింద ఎక్కడో పడి ఉంది. ఓబయ్య ఒక దారిన బోటులోకి దిగి వెతుకుతుంటే, ఇంకో దారిన గురవమ్మా పెంచలూ గంపలతో ఇంటికి వచ్చారు. పెట్టెలో చేపలు పోశారు, పైన ఐసు కొట్టారు, తాడు బిగించారు. గూడూరు మార్కెట్టుకు చేపలు తోలే సుబ్బు ఆ పెట్టెను ఆటోలోకి ఎక్కించి, పాట పెట్టుకుని వెళ్లిపోయాడు. ఓబయ్య ప్లయరును పంచెలో దోపుకుని వచ్చేసరికి వసారాలో పెట్టె లేదు, తడి మరక ఉంది.

ఆయన ఆ మరక వంక చూస్తుండగానే లోపలినుంచి రోజారమణి కేక పెట్టింది.

"అత్తా! పిల్ల మూతి నిండా తెల్లంగా ఉండాది! సీసా యాడా అగపడలా!"

వనజాక్షి వంటింటి మూలలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. పెదాల మీద, గడ్డం మీద, గౌను మీద తెల్లటి పొడి. తల్లి ఊపి ఊపి అడిగింది. "ఏం తిన్నావే?"

దొంగతనం బయటపడిందని పిల్లకు అర్థమైంది. నోరు బిగించింది.

"ఎంత తిన్నావే? చెప్పు నా తల్లి కదా!"

"శానా," అంది వనజాక్షి నిజాయితీగా.

గురవమ్మ గంప వదిలేసి నేలమీద కూలబడింది. పక్కింటి అంకాలమ్మ ఉప్పునీళ్ల చెంబుతో పరిగెత్తుకొచ్చింది. "వాంతి చేయిస్తే అంతా వచ్చేస్తది!" ఇంకెవరో చింతపండు పిసకమన్నారు. రోజారమణి పక్క ఊరి ఆసుపత్రి నర్సు ఎలిశబెతుకు ఫోను చేసింది. అందరికీ వినపడేలా పెట్టింది.

"ఏమీ తాగించొద్దు! వాంతి చేయించొద్దు!" ఫోనులోంచే చెంబును చూసినట్టు కసిరింది ఎలిశబెతు. "పిల్లని వెంటనే తీసుకురా. ఆ సీసా గూడా తేవాల. ఏం మాత్రలో, ఎన్ని మిగిలినాయో చూడాల."

అందరి చూపూ ఓబయ్య మీద పడింది.

"అది పిల్ల చేతికి వచ్చే మూత కాదు," అన్నాడాయన బలహీనంగా.

"తెరిచి వదులుగా మూసి పెట్టినానంటివి గదా మామా!" రోజారమణి ఏడుపు ఆపుకోలేకపోయింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయితే ఓబయ్యకు పేరు ఎంత ముద్దో, వనజాక్షి అంతకు పదింతలు ముద్దు. కోడలి కన్నీళ్లు చూడలేక, ఊరంతా వింటుండగా గొంతెత్తి చెప్పేశాడు.

"నేను తెరవలా! నాకు రాలా! మూత మూసినట్టే ఉండాది. సీసా ఐసు పెట్టెలో పెట్టినా. సుబ్బు ఆటోలో పోయింది!"

అంకాలమ్మ కళ్లొత్తుకుంది.

"ఊరుకో అన్నా. కోడలికి ధైర్యం చెప్పేదానికి అట్లంటా ఉండావు. నీ చేతికి రాని మూతా?"

నిజమే నిజమేనని అందరూ తలలూపారు. ఇన్నేళ్లుగా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పి నమ్మించిన గొప్ప ఇలా అడ్డం తిరుగుతుందని ఓబయ్య కలలో కూడా అనుకోలేదు.

"రాలేదంటే నమ్మరే! నా వనజమ్మ మీద ఒట్టు!"

"ఇప్పుడు పిల్ల మీద ఒట్టెయ్యబాకు!" గురవమ్మ అరిచింది.

"అయితే గంగమ్మ తల్లి మీద ఒట్టు!"

అప్పుడు కదిలాడు పెంచల్. కడలి మీద బతికేవాడు దేనిమీదైనా అబద్ధం ఆడతాడేమో గాని, గంగమ్మ మీద ఆడడు. ఆడి మళ్లీ బోటు ఎక్కడు. "నాయనా, బండెక్కు," అన్నాడు. ఆడవాళ్లు పిల్లను తీసుకుని పక్కింటివాళ్ల ఆటోలో ఆసుపత్రికి, తండ్రీ కొడుకులు మోటారుసైకిలు మీద సుబ్బు వెనక. సుబ్బు ఫోను మోగుతూనే ఉంది, పాటల హోరులో అతనికి వినిపించలేదు.

వాకాడులో టీ బంకు దగ్గర దొరికాడు. ఆటో నిండా పాళెంవాళ్ల పెట్టెలే, అన్నీ నీలం రంగువే. ఏది ఎవరిదో తేల్చే ఓపిక ఓబయ్యకు లేదు. వరసగా తాళ్లు కోసి, చేపలు పట్టామీద గుమ్మరించి, భుజాల దాకా ఐసులో చేతులు పెట్టి దేవడం మొదలుపెట్టాడు. రోడ్డు పక్కనే అమ్మకం పెట్టారనుకుని జనం మూగారు.

"వంజరం ఎట్లిస్తా ఉండావు పెద్దాయనా?"

"చేపలు కాదయ్యా! మాత్రలు! చేపల్లో మాత్రలుండాయి!"

అడిగినాయన రెండడుగులు వెనక్కి వేశాడు. "విన్నారా? చేపలు నిలవుండేదానికి మాత్రలు కలుపుతా ఉండారంట!" ఆ మాట బజారు ఆ చివరికి చేరేసరికి, చేపలు తిని ఎవరికో కళ్లు తిరిగాయన్నదాకా పెరిగింది. సుబ్బు టీ గ్లాసు పట్టుకుని కొయ్యబారిపోయాడు.

"మామా, ఏం చేస్తివి మామా! రేపట్నుంచి నా ఆటో మొహం చూస్తారా ఎవురైనా?"

ఓబయ్య ఆ మాట వినలేదు. పండుగప్ప దవడ కింద చేతికి గట్టిగా ఏదో తగిలింది. సీసా! గుండెకు హత్తుకుని బండెక్కాడు.

ఆసుపత్రిలో రోజారమణి పిల్లను ఒళ్లోంచి దింపకుండా కూర్చుని ఉంది. మోచేతులనుంచి చేపనీళ్లు కారుతుండగా ఓబయ్య సీసాను ఎలిశబెతు చేతిలో పెట్టాడు. ఆమె అరచెయ్యి మూత మీద ఆనించి, కిందికి నొక్కి తిప్పింది. ఊడివచ్చింది. లోపల వెండికాగితం సీలు చెక్కుచెదరకుండా ఉంది.

"ఒక్క మాత్ర గూడా పోలా," అంది. తర్వాత వంగి వనజాక్షి నోటి దగ్గర వాసన చూసింది. "ఇది పాలపొడి."

రోజారమణి బిడ్డను గట్టిగా హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఓబయ్య కళ్లూ నిండాయి. సంతోషం పట్టలేక వరండాలోకి పోయి, కూర్చున్న రోగులందరికీ వినపడేలా అరిచాడు. "చూసినారా? నేను ముందే చెప్పలా? నాకు రాలా! మూత నాకు రానే రాలా!"

గురవమ్మకు మాత్రం ఇంకో సంగతి తట్టింది.

"అయితే ఇంట్లో నా కాఫీకి పాలపొడి గూడా లేదా?"

లేదు. చెంచాతో ఎగదీస్తే తప్ప రాని డబ్బా మూతను వనజాక్షి ఎగదీసింది, డబ్బాను ఖాళీ చేసింది.

ఎలిశబెతు మూతను ఓబయ్యకు చూపించింది. "పిల్లలు తెరవకుండా ఇట్లా చేసినారు. ముందు నొక్కాల, నొక్కిపట్టి తిప్పాల."

"తెరిచేదానికి నొక్కేది ఏందమ్మా? లాగేది గదా న్యాయం!" అని ఓబయ్య కంపెనీ మీద విరుచుకుపడ్డాడు. ఆయన న్యాయం మాట్లాడుతుండగానే బల్ల దగ్గర టిక్కుమంది. అందరూ తిరిగి చూశారు. వనజాక్షి ఒక చేతిలో సీసా, ఇంకో చేతిలో మూత ఉన్నాయి.

"నొక్కి తిప్పాల తాతా," అంది ఓపికగా.

ఎలిశబెతు చటుక్కున సీసా లాక్కుంది. "చూసినారు గదా! ఈ మూత పిల్లల్ని కాసేపు ఆపుతుంది, అంతే. మందులు ఎత్తులో పెట్టి తాళం వెయ్యండి. తాళంచెవి పిల్ల కంట పడనీయొద్దు. ఐసు పెట్టెలో మాత్రం పెట్టబాకండి."

సాయంత్రానికి పాత ఇనప్పెట్టె అటక మీదికి ఎక్కింది. అందులో సీసా, దానికి పెద్ద తాళం. తాళంచెవి ఎక్కడ దాచాలన్నదే చిక్కు. తలగడ కిందా, బియ్యం డబ్బాలో, దేవుడి పటం వెనకా ఏమేం ఉన్నాయో వనజాక్షి గడగడా అప్పజెప్పింది. చివరికి ఓబయ్య తాళంచెవిని తన మొలతాడుకు పీటముడి వేసి కట్టుకున్నాడు.

"ఇంక ఎవురొస్తారో రమ్మను."

మర్నాడు గురవమ్మ లేచి, మొహం కడుక్కుని, కొత్త పాలపొడితో కాఫీ కలిపి పక్కన పెట్టుకుని, మంచినీళ్ల గ్లాసుతో అటక కింద నిలబడింది. నిలబడ్డాక గుర్తొచ్చింది. రేవుకు పరిగెత్తింది. కొడుకుతో కలిసి తెల్లారకముందే వేటకు పోయిన మొగుడి బోటు, నీళ్ల చివర ఆవగింజంత కనిపించింది. చెయ్యెత్తి కేకలు వేసింది. గాలి ఒడ్డుకే వీస్తోంది.

"తాళం పగలగొట్టేస్తే పోలా వదినా?" అంది అంకాలమ్మ.

"అది పగలగొట్టగల మనిషి పాళెంలో ఒకడే. ఆ బోటులోనే ఉండాడు."

ఇంట్లో కాఫీ చల్లారిపోయింది. సీసా మీద రాసినట్టే, ఆ రోజు మందు పిల్లలకు అందలేదు.